పైకప్పు బ్యాచ్

ఏప్రిల్ 24

నా ఓవెన్ గ్లౌజు దొంగ దొరికాడు. ఒక్కడు కాదు, ఇద్దరు. మొగుడూ పెళ్లామూ.

మూడు రోజులుగా ఎడమచేతి గ్లౌజు కనపడక ప్యాకింగ్ వాళ్లందర్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. ఇవాళ పొగగొట్టం మసి దులపడానికి పైకప్పు ఎక్కితే అక్కడుంది. గొట్టం పక్కన ఎండుగడ్డి, తాడు ముక్కలు, సముద్రపు నాచు పోగేసి గూడు కట్టారు. గూట్లో మెత్తగా పరిచింది నా గ్లౌజు. దాని మీద తీరిగ్గా కూర్చుని పెద్ద సీగల్, సముద్రం పక్షి. బాతుకన్నా పెద్దది. తెల్లటి తల, బూడిదరంగు వీపు, పసుపు ముక్కు, ముక్కు కింది భాగం చివర్లో ఎర్ర చుక్క. నన్ను చూసి కదల్లేదు, మెదల్లేదు. ఇరవై ఆరేళ్లుగా ఈ బేకరీలో ఓవెన్ మేస్త్రీని నేను. మా ఓనర్ మేడమ్ కూడా నన్నెప్పుడూ అంత చులకనగా చూడలేదు.

గ్లౌజు అడిగే ధైర్యం లేక దిగొచ్చేశాను. ప్యాకింగ్ వాళ్లకు సారీ చెప్పాలి. రేపు చూద్దాం.

ఏప్రిల్ 25

మా ఆవిడకు చెప్పాను. ఏ రకం సీగల్ అని అడిగింది. సీగల్ అంటే సీగలే కదా అన్నాను. అలా అనకూడదట, బన్ను అంటే బ్రెడ్డే కదా అని నన్నెవరైనా అంటే ఊరుకుంటానా అంది. ఊరుకోను. లైబ్రరీ కౌంటర్లో పనిచేసే మనిషితో వాదన పెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ.

సాయంత్రం బొమ్మల పుస్తకం తెచ్చింది. వీటి అసలు ఇల్లు సముద్రం ఒడ్డు కొండచరియలట. కుక్కా నక్కా ఎక్కలేని చోటు చూసుకుంటాయట. మా బేకరీ బిల్డింగు వాటికి కొండ. పైగా కిందినుంచి వెచ్చగా ఉండే కొండ! ఓవెన్ నాది, వెచ్చదనం నాది. అంటే అవి ఒకరకంగా నా ఇంట్లో అద్దెకు దిగినట్టే.

మే 2, ఉదయం 6.10

గుడ్డు! గుడ్డు!

మే 2, మధ్యాహ్నం

పొద్దున ఆ ఒక్క మాటే రాసి మళ్లీ పైకి పరుగెత్తాను. కోడిగుడ్డుకు ఒకటిన్నరంత ఉంది. పాచిరంగు మీద ముదురు మచ్చలు. ఎవరో సిరా విదిలించినట్టుంది.

ఇద్దరికీ పేర్లు పెట్టేశాను. ఎప్పుడూ గొట్టం అంచు మీద నిలబడి అందరి మీదా అరిచేవాడు సూపర్‌వైజరు. గూట్లో ఉండేది అమ్మగారు.

మే 3

కొంప మునిగింది.

వ్యాన్ డ్రైవర్ మేడమ్‌కు చెప్పేశాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. గూడు ఇవాళే తీసేయమంది మేడమ్. పిండి గోదాము మీద కప్పు కారుతోంది. పోయిన వానలకు బస్తాలు తడిసి ముద్దయ్యాయి. కప్పుకు తారు పూసే మేస్త్రీ జూలై పన్నెండున వస్తానన్నాడు, ఆ రోజు పోతే వానలన్నీ వెళ్లేదాకా దొరకడు. ఆమె చెప్పినదాంట్లో ఒక్క తప్పూ లేదు. అదే నా ఖర్మ.

నేనూరుకున్నానా? పుస్తకంలో చూసింది గడగడా అప్పజెప్పాను. ఇరవై ఎనిమిది రోజులు పొదగడం, ఆరు వారాలు పెరగడం, మే రెండు నుంచి లెక్కేస్తే సరిగ్గా జూలై పదకొండుకు ఎగిరిపోతాయి అన్నాను. ఎగరకపోతే ఏంటి అంది. ఎగరకపోతే నా చేతుల్తో నేనే తీసి కింద పెడతానన్నాను. అయితే బోర్డు మీద రాయమంది.

బోర్డంటే మామూలు బోర్డు కాదు. ఓవెన్ పక్కనుండే నల్లబోర్డు. ఏ బ్యాచ్ ఎప్పుడు లోపలికెళ్లింది, ఎప్పుడు బయటికి రావాలి, అన్నీ దాని మీదే. రాసినది బ్యాచ్ దిగేదాకా ఎవరూ చెరపకూడదు, రాసినవాడితో సహా. ఈ రూలు పెట్టింది ఎవరో కాదు, నేనే. రాశాను: పైకప్పు బ్యాచ్. పెట్టింది మే 2. దించేది జూలై 11.

ఇంటికొచ్చి గొప్పగా చెబితే మా ఆవిడ పగలబడి నవ్వింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంది. నవ్వు ఆపాక ఇంకోటి కూడా చెప్పింది. ఎగరలేని పిల్లను కిందికి దించితే తల్లీ తండ్రీ వీధిలోకొచ్చి మేపలేవట. మా సందులో కుక్కలు ఏడు.

మే 4

రెండోది!

మే 7

మూడోది. మూడే పెడతాయట. ట్రే నిండింది.

మే 16

వాడు కూర్చున్నాడు. అవును, మొగుడు! ఇద్దరూ డ్యూటీలు మార్చుకుంటున్నారు. మార్చుకునే ముందు మెడలు సాచి కాసేపు ఏదో గొడవ పడతారు, మా షిఫ్టుల దగ్గర పడ్డట్టే.

ఈ సంగతి మా ఆవిడకు చెప్పకుండా ఉండాల్సింది. నేనింట్లో ఏం పొదిగానో వరసగా అడిగింది.

మే 30

బోర్డు లెక్క ప్రకారం ఇవాళ పగలాలి. నాలుగుసార్లు ఎక్కాను. ఏమీ లేదు.

మే 31

ఏమీ లేదు. ఒక బ్యాచ్ బన్నులు మాడ్చాను. పదకొండేళ్లలో మొదటిసారి.

జూన్ 1

దొరికింది. తప్పు గుడ్లలో లేదు, నాలో ఉంది.

గుడ్లు చచ్చిపోయాయేమో అని అన్నం తినకుండా కూర్చుంటే మా ఆవిడ పుస్తకం తెరిచి, లెక్క ఎక్కణ్ణుంచి మొదలుపెట్టావు అని అడిగింది. మొదటి గుడ్డు నుంచి అన్నాను. ఆ పేజీ నా మొహం ముందు పెట్టింది. మూడూ పెట్టేదాకా అవి సరిగ్గా కూర్చోవట. అప్పుడే పిల్లలన్నీ దాదాపు ఒకేసారి బయటికొస్తాయట.

మేమేమో మొదటి ట్రే లోపలికెళ్లిన నిమిషం నుంచి లెక్కేస్తాం. ముందు మాడేది అదే కాబట్టి. ఇరవై ఆరేళ్ల అలవాటు. బేకరీ వాడు తప్ప ప్రపంచంలో ఇంకెవడూ చెయ్యని తప్పు. అమ్మగారు ట్రేలన్నీ సర్దుకున్నాకే పొయ్యి వెలిగించింది!

అంటే పగిలేది జూన్ నాలుగు. ఎగిరేది జూలై పదహారు. తారు పన్నెండున. గుడ్లు బతికే ఉన్నాయని సంతోషంతో లేచి గంతేశాను. తర్వాత వేళ్ల మీద రోజులు లెక్కపెట్టి కూలబడ్డాను.

జూన్ 2

మేడమ్‌కు నిజం చెప్పేశాను. చేతిలో పెన్నుతో బోర్డు వైపు చూపించి వెళ్లిపోయింది. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

జూన్ 4, ఉదయం 5.50

ఒక గుడ్డుకు చిల్లు. లోపల్నుంచి కిచకిచ. గుడ్డు మాట్లాడుతోంది!

జూన్ 4, మధ్యాహ్నం 1

రెండు వచ్చేశాయి. తడి తడిగా, బూడిదరంగు నూగు, తలంతా నల్లమచ్చలు. మూడోదానికి గీత పడింది. ఓవెన్ దగ్గర అందరికీ చెప్పాను. ప్యాకింగ్ వాళ్లకూ చెప్పాను. గ్లౌజు విషయంలో సారీ కూడా అదే ఊపులో చెప్పేశాను. బోర్డు వైపు మాత్రం చూడలేదు.

జూన్ 6

మూడోది నిన్న రాత్రెప్పుడో వచ్చినట్టుంది. పెద్దది, నడిపిది, చిట్టిది. చిట్టిది మిగతా రెండిట్లో సగం ఉంది.

ఇవాళ చూసినది రాయకపోతే నిద్ర పట్టదు. సూపర్‌వైజరు సముద్రం నుంచి వచ్చి వాలాడు. పిల్లలు పరుగెత్తుకెళ్లి వాడి ముక్కు మీదున్న ఎర్ర చుక్కని టకటకా పొడిచాయి. అంతే, వాడు వంగి కడుపులోని చేపంతా కక్కేశాడు! ఆ చుక్క ఉన్నది అందుకే! అది కాలింగ్ బెల్! పుట్టి రెండ్రోజులు కాలేదు, బెల్ ఎక్కడుందో వాటికి ఎవరు చెప్పారు? గుడ్డులోంచి బయటపడగానే తెలుసట. నాకు మా ఇంటి బెల్ ఎక్కడుందో ఇప్పటికీ చీకట్లో దొరకదు.

మా ఆవిడ కూడా లంచ్ టైములో వచ్చి నిచ్చెన ఎక్కి చూసింది. కక్కిన చేపను పిల్లలు ఎగబడి తినడం చూసి మొహం వికారంగా పెట్టింది. కాకి పిల్ల కాకికి ముద్దు అని గొణిగింది. కానీ ముప్పావు గంట దిగలేదు.

జూన్ 9

రక్తం వచ్చింది. నాకు.

పిల్లలు పుట్టాక అమ్మగారు అమ్మగారు కాదు, అమ్మోరు. నిచ్చెన మీద తల కనపడగానే వెనకనుంచి వచ్చి కాళ్లతో నెత్తి మీద తన్నింది. తర్వాత సూపర్‌వైజరు వంతు. వాడి పద్ధతి వేరు, పైనుంచి గురి చూసి రెట్ట వేస్తాడు. గురి తప్పలేదు. ఇకమీద బ్రెడ్ క్రేటు నెత్తిన బోర్లించుకుని ఎక్కుతాను. వ్యాన్ డ్రైవర్ నన్నలా చూసి కూర్చుని మరీ నవ్వాడు. ఐదు నిమిషాలకు వాడి కొత్త చొక్కా మీద పడింది. తిక్క కుదిరింది.

జూన్ 14

అవమానం. పొద్దున వేడివేడి బన్ను, నేను స్వయంగా చేసినది, తుంచి పిల్లల దగ్గర పెట్టాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ గయ్యిమంది. బ్రెడ్ వాటికి తిండే కాదట, కడుపు నిండుతుంది కానీ ఎముకకు బలం పట్టదట. ఎదిగే పిల్లలకు అస్సలు పెట్టకూడదట.

నా బన్ను! ఊరంతా లైన్లో నిలబడి కొనే బన్ను! గొణుక్కుంటూ మళ్లీ బేకరీకి వెళ్లాను. తర్వాత నిచ్చెన ఎక్కి, తన్నులు తిని, ముక్కలన్నీ ఏరుకొచ్చాను.

జూన్ 18

ఉప్పు!! అవి సముద్రపు నీళ్లు కూడా తాగుతాయి! ఎక్కువైన ఉప్పుని కళ్ల పైనుండే గ్రంథులు వడకట్టి ముక్కు రంధ్రాల్లోంచి కారుస్తాయి. అమ్మగారి ముక్కు చివర చుక్క వేలాడుతుంటే ఇన్నాళ్లూ జలుబు అనుకున్నాను. పిండిలో ఉప్పు ఒక చెంచా ఎక్కువైతే బ్యాచ్ మొత్తం పారబోసేవాణ్ణి నేను. ముక్కులోంచి తీసేసుకునే వీలుంటే ఎంత బావుండేది.

జూన్ 23

లోడింగ్ యార్డులో టపటపా శబ్దాలు. సూపర్‌వైజరు ఆల్చిప్పల్ని ముక్కున కరుచుకుని మేడంత ఎత్తు లేచి సిమెంటు మీద వదులుతున్నాడు. పగలకపోతే మళ్లీ ఎత్తుకెళ్తాడు. నాలుగోసారికి పగిలింది. తర్వాతది వ్యాన్ అద్దం మీద పడింది.

డ్రైవర్ మేడమ్ దగ్గరికెళ్లాడు. మేడమ్ బోర్డు చూసి, పద్దెనిమిది రోజులు ఓపిక పట్టమందట.

జూన్ 29

పిల్లలు కోడిపెట్టలంత అయ్యాయి. నూగు పోయి గోధుమరంగు ఈకలు. తెల్లగా ఎప్పుడవుతాయో అని చూస్తున్నాను. నాలుగేళ్లు పడుతుందట! అప్పటిదాకా పెద్దరికం రాదట. ఆ తర్వాత పాతికేళ్లు బతికినవి కూడా ఉన్నాయట. నా సర్వీసంత.

చిట్టిది ఇంకా చిన్నగానే ఉంది. చేప వచ్చేసరికి పెద్ద రెండూ తోసేస్తాయి. దాని వంతుకు తోకలే మిగులుతాయి.

జూలై 5

రెక్కలు కొట్టడం మొదలు. సముద్రం వైపునుంచి గాలి రాగానే మూడూ అటు తిరిగి నిలబడి టపటపలాడిస్తాయి. పెద్దది ఇవాళ మూరెడు పైకి లేచింది! గాలి లేకపోతే ప్రయత్నమే చెయ్యవు. ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు!

కొన్ని పిల్లలు ఐదున్నర వారాలకే ఎగురుతాయని మా ఆవిడ పుస్తకంలో వెతికి పట్టుకుంది. ఐదున్నర అంటే పన్నెండు. ఒక్కరోజే తేడా. ఇద్దరం ఆ లైను నాలుగుసార్లు చదువుకున్నాం.

జూలై 9

పెద్దది నడుమెత్తు. నడిపిది మోకాలెత్తు. చిట్టిది ఎగిరి వెనక్కి పడింది.

జూలై 10

నిద్ర లేదు.

జూలై 11

ఉదయం ఆరుంబావుకు పెద్దది వెళ్లిపోయింది. ఏ హడావిడీ లేదు. గాలి వచ్చింది, రెక్క విప్పింది, పిట్టగోడ దాటింది, రోడ్డు దాటింది, ఇక లేదు. నేను గట్టిగా అరిచిన అరుపుకు కింద ఓవెన్ దగ్గరున్న వాళ్లు ఏదో కాలిందనుకుని బకెట్ నీళ్లతో పైకొచ్చారు.

మిగతా రెండూ వెళ్లలేదు. సాయంత్రం దాకా చూశాను. బోర్డు మీద 11 అని నా చేతిరాతే.

ఐదింటికి ఖాళీ క్రేటు పట్టుకుని ఎక్కాను. చిట్టిది నన్ను చూసి గొట్టం పక్కన నేలకు కరుచుకుని పడుకుంది. కదలకపోతే కనపడనని దాని నమ్మకం. గోధుమరంగు ఈకల్లో కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. నా చెయ్యి ముందుకు రాలేదు. దిగాను.

నిచ్చెన కింద మేడమ్, పక్కన పని చూసుకోవడానికొచ్చిన తారు మేస్త్రీ. నా వల్ల కాలేదని చెప్పాను. ముసలాణ్ణి, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, రాస్తే తప్పేంటి. మేడమ్ ఏదో అనబోయేంతలో తారు మేస్త్రీ కల్పించుకున్నాడు. పక్షుల మీద ప్రేమతో కాదు, మా గోలతో విసుగొచ్చి. తారు ఎప్పుడైనా అవతలి చివర మొదలుపెట్టి నిచ్చెన వైపు వెనక్కి నడుస్తూ పూస్తారట, లేకపోతే పూసినవాడు తారు మధ్యలో ఇరుక్కుంటాడట. మూడు రోజుల పనిలో నిచ్చెనా గొట్టమూ ఉన్న మూల అన్నిటికన్నా ఆఖర్న వస్తుందట. ఈలోపు అక్కడ పక్షి ఉంటే ఏంటి, ఏనుగు ఉంటే ఏంటి అన్నాడు.

మేడమ్ ఆలోచించింది. పదిహేనున వాన అని చెప్తున్నారు, పద్నాలుగు సాయంత్రం దాటితే ఒక్క నిమిషం కూడా లేదు, అప్పుడు మాత్రం చెయ్యి రాలేదని చెప్పొద్దు అంది. చెప్పనన్నాను.

జూలై 12

అవతలి మూడోవంతు నల్లగా మెరుస్తోంది. పిల్లలు తారులోకి వెళ్లకుండా బ్రెడ్ క్రేట్లు గోడలా పేర్చాను. కాళ్లకు అంటుకుందా, ఇక అంతే సంగతులు.

సాయంత్రం నాలుగింటికి నడిపిది క్రేటు మీదికెక్కింది, తారు మీదుగా సాగింది, పిట్టగోడకు కడుపు రాసుకుంటూ పోయింది! తారు మేస్త్రీ కుంచె వదిలేసి చూశాడు. చూడలేదన్నట్టు మళ్లీ కుంచె తీశాడు.

జూలై 13

చిట్టిది ఒక్కతే. క్రేట్ల గోడ ఇంకా దగ్గరికి జరిపాం. పోటీ లేదు కాబట్టి చేపంతా దానికే. పీకల దాకా మింగుతోంది. మూరెడు లేచింది. గాలి ఆగిపోయింది.

మా ఆవిడ లీవు పెట్టింది. రేపు తనూ వస్తుందట.

జూలై 14, మధ్యాహ్నం 2

మిగిలింది రెండు ట్రే బండ్లు పట్టేంత చోటు. గొట్టం, నిచ్చెన, రోడ్డు వైపు పిట్టగోడ, మధ్యలో చిట్టిది. చుట్టూ తడి తారు. గాలి లేదు. సముద్రం మీద మబ్బు.

జూలై 14, సాయంత్రం 6

వరసగా రాస్తాను, లేకపోతే కలగాపులగం అవుతుంది.

మూడింటికి తారు మేస్త్రీ డ్రమ్ములో తారు చల్లారిపోతోందన్నాడు. అరగంట అడిగాను, ఇచ్చాడు. అరగంటా చిట్టిది రెక్కలు కొట్టుకుంది, కూర్చుంది. మేడమ్ కింద నిలబడింది. ఆఫీసులోకి వెళ్లలేదు. మా ఆవిడ నిచ్చెన మధ్యమెట్టు మీద, చేతిలో పుస్తకం, తెరవలేదు.

మూడున్నరకు వెళ్లాను. నెత్తిన క్రేటు పెట్టుకోలేదు, అది ఉంటే వంగలేను. అమ్మగారు మూడుసార్లు తన్నింది. సూపర్‌వైజరు చెవి దగ్గర పొడిచాడు. చిట్టిది ఈసారి నేలకు కరుచుకోలేదు. లేచి నిలబడి నోరు తెరిచి నన్ను బెదిరించింది. రెండు చేతుల్తో పట్టుకున్నాను. ఎనిమిది వందల యాభై గ్రాములు. ఇరవై ఆరేళ్లు పిండిముద్దలు తూచిన చేతులు, పది గ్రాములు కూడా తేడా రాదు. ఆ ఎనిమిది వందల యాభైలో గుండె ఎక్కడుందో వేళ్లకు తెలుస్తోంది.

క్రేటు కాళ్ల దగ్గర తెరిచి ఉంది. దాంట్లో పెడితే కింద వీధి. వీధిలో ఏడు కుక్కలు. పిట్టగోడ మీదినుంచి వదిలితే ఎగరొచ్చు. ఎగరకపోతే మూడంతస్తుల కింద సిమెంటు, చంపింది నేను. ఎవర్ని అడగాలి? మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ సముద్రం వైపు చూస్తోంది. గాలి కోసం అని అర్థమైంది.

పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. చేతుల్లో దాన్ని సముద్రం వైపు తిప్పి పట్టుకున్నాను. వాళ్లిద్దరూ నా నెత్తి మీద తన్నుతూనే ఉన్నారు. రక్తం కంట్లోకి వచ్చింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తారు మేస్త్రీ కానిమ్మన్నాడు. మేడమ్ కిందినుంచి అతన్ని నోర్మూసుకోమంది! మేడమ్!

గాలి మొహానికి తగిలింది. చేతుల్లో దాని రెక్కలు వాటంతట అవే విచ్చుకున్నాయి. వదిలేశాను.

పడింది. నిజంగానే పడింది. రాయిలా ఒక అంతస్తు, ఇంకో అంతస్తు. మా ఆవిడ కేక నాకు ఇంకా వినిపిస్తోంది. వ్యాన్ కప్పుకు జానెడు పైన రెక్కలకు గాలి దొరికింది. డ్రైవర్ నెత్తి మీదుగా పోయింది, వాడు కింద కూర్చుండిపోయాడు. రోడ్డు మీద మనుషుల ఎత్తులో, స్తంభాన్ని తప్పించుకుని, ఎదురు గోడ దాటి, లేచింది, ఇంకా లేచింది, వెనకే అమ్మగారు, ఆ వెనకే సూపర్‌వైజరు, నన్ను తన్నడం కూడా మర్చిపోయి! ఎగిరింది! నా చేతుల్లోంచి ఎగిరింది!

నేనక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తారు మేస్త్రీ నన్ను లేపి నిచ్చెన మీదుగా కిందికి పంపి, ఆ మూల పూసేసి దిగాడు. గూడు తీసేటప్పుడు గ్లౌజు కావాలా అని అడిగాడు. వద్దన్నాను. ఆ కంపు భరించలేం.

నెత్తికి నాలుగు కుట్లు. ఆస్పత్రిలో డాక్టరు ఏం జరిగిందని అడిగితే మా ఆవిడ మొదటినుంచీ చెప్పింది. ఏప్రిల్ ఇరవై నాలుగు నుంచి. క్యూలో వాళ్లందరూ విన్నారు.

జూలై 15

వాన. గోదాములో చుక్క నీరు లేదు. మేడమ్ స్వయంగా నన్ను పిలిచి చూపించింది. బోర్డు మీద బ్యాచ్ దిగిన టైము రాశాను, మూడూ నలభై. చెరిపాను.

జూలై 26

మా ఆవిడా నేనూ సముద్రం ఒడ్డుకి వెళ్లాం. గోధుమరంగు పిల్లలు ఒక రెండొందలు. అన్నీ ఒకేలా ఉన్నాయి, అన్నీ ఆకలని ఏడుస్తున్నాయి. మన చిట్టిది ఏదని అడిగింది. ఒకదాన్ని చూపించాను. కాదు, అదీ అని ఆవిడ ఇంకోదాన్ని చూపించింది. ఇల్లు చేరేదాకా పోట్లాడుకున్నాం.

ఆగస్టు 9, ఉదయం 6

మసి దులపడానికి పైకప్పు ఎక్కాను. నెత్తి మీద ఏమీ పెట్టుకోలేదు. పావుగంట నిలబడ్డాను. ఎవరూ తన్నలేదు.